ధ్రువాల దగ్గరి వోల్టేజీ: ఆర్‌వీ బ్యాటరీలను పవర్ సప్లైతో ఛార్జి చేసే పద్ధతి

అమెరికా, కెనడాల్లో ఆర్‌వీ అనే పొట్టి పేరుతో వ్యవహరించే విహార వాహనంలో పడక, వంటగది, స్నానపు గది, నీళ్ల ట్యాంకు, గ్యాసు సిలిండర్లు అన్నీ అమర్చి ఉంటాయి. సొంత ఇంజనుతో నడిచే మోటర్‌హోమ్ అయినా, పికప్ ట్రక్కు వెనుక తగిలించి లాక్కుపోయే ట్రెయిలర్ అయినా, అందులోని దీపాలు, నీటి పంపు, గ్యాసు హీటరులోని ఫ్యాను, ఫ్రిజ్‌ను నియంత్రించే ఎలక్ట్రానిక్ బోర్డు 12 వోల్టుల మీదే పనిచేస్తాయి. ఆ విద్యుత్తు ఇంజనును స్టార్టు చేసే బ్యాటరీ నుంచి రాదు. దాని కోసం హౌస్ బ్యాటరీ అని పిలిచే మరొక బ్యాటరీ సముదాయం విడిగా ఉంటుంది. స్టార్టింగ్ బ్యాటరీలో పలుచని ప్లేట్లు ఎక్కువ సంఖ్యలో ఉండి, కొన్ని క్షణాల పాటు వందల ఆంపియర్లను అందిస్తాయి. హౌస్ బ్యాటరీలో దళసరి ప్లేట్లు ఉంటాయి కాబట్టి అది గంటల తరబడి కొద్దికొద్దిగా ఖర్చవుతూ, సగం వరకూ ఖాళీ అయి, మళ్లీ నిండగలదు. ఈ రెండో రకానికే డీప్ సైకిల్ బ్యాటరీ అని పేరు.

ఆర్‌వీలలో చాలాకాలంగా ఆదరణ పొందిన ఏర్పాటు గోల్ఫ్ మైదానాల్లో తిరిగే బండ్ల కోసం తయారైన 6 వోల్టుల బ్యాటరీలను రెండింటిని వరుసగా కలిపి 12 వోల్టులు చేసుకోవడం. వీటిలో పేరు మోసిన ట్రోజన్ టి-105 సామర్థ్యం 225 ఆంపియర్ అవర్లు. అంటే 20 గంటల పాటు సుమారు 11 ఆంపియర్ల చొప్పున వాడుకుంటే అది పూర్తిగా ఖాళీ అవుతుంది. సీసపు బ్యాటరీని ప్రతిసారీ అడుగంటా వాడితే ఆయుష్షు త్వరగా తరిగిపోతుంది కనుక, సగం దగ్గర ఆగడం మంచి అలవాటుగా స్థిరపడింది. ఆ లెక్కన చేతికి దక్కేది సుమారు 112 ఆంపియర్ అవర్లు. శీతాకాలపు రాత్రులు హీటరు ఫ్యాను తిరుగుతూ ఉంటే ఈ నిల్వ త్వరగానే కరిగిపోతుంది.

కరెంటు సదుపాయం ఉన్న క్యాంపుల్లో ఇది సమస్య కాదు. అయితే ఆరిజోనా ఎడారిలోని క్వార్ట్‌జ్‌సైట్ చుట్టుపక్కల ప్రభుత్వ భూముల్లో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు అనుమతి పత్రంతో నెలల తరబడి మకాం వేసే వారికి కరెంటు తీగ అందుబాటులో ఉండదు. యోసెమిటీ వంటి జాతీయ ఉద్యానవనాల క్యాంపుల్లో జనరేటరును రోజులో నిర్ణీతమైన కొద్ది గంటలు మాత్రమే నడపనిస్తారు. అలాంటి చోట్ల జనరేటరు నడిచిన ప్రతి గంటలోనూ బ్యాటరీలోకి వీలైనంత ఎక్కువ విద్యుత్తును చేర్చడం అవసరం. ఆర్‌వీతో పాటు వచ్చే ఛార్జింగ్ పరికరం తరచుగా విఫలమయ్యేది సరిగ్గా ఇక్కడే.

ఆ పరికరాన్ని కన్వర్టర్ అంటారు. అమెరికా కరెంటు అయిన 120 వోల్టుల ఏసీని అది 12 వోల్టుల స్థాయి డీసీగా మార్చి దీపాలకూ పంపులకూ ఇస్తూ, పక్కనే బ్యాటరీని కూడా ఛార్జి చేస్తుంది. పాత ఆర్‌వీలలోని అనేక కన్వర్టర్లు 13.6 వోల్టుల దగ్గర స్థిరంగా ఉండిపోయేలా తయారైనవి. దీపాలు మాడిపోకుండా, బ్యాటరీలో నీరు ఆవిరి కాకుండా ఉండటానికి ఎంచుకున్న మధ్యస్థమైన విలువ అది. నెలల తరబడి కరెంటుకు తగిలించి ఉంచే వాహనానికి ఆ వోల్టేజీ సరిపోతుంది గాని, రెండు గంటల జనరేటరుతో సగం ఖాళీ బ్యాటరీని నింపాలంటే ఏమాత్రం చాలదు. ఎందుకు చాలదో తెలియాలంటే బ్యాటరీ లోపల జరిగేదేమిటో చూడాలి.

1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే రూపొందించిన సీసపు బ్యాటరీ మూలసూత్రం నేటికీ మారలేదు. ఒక ప్లేటు మీద సీసం, మరొక ప్లేటు మీద లెడ్ డయాక్సైడ్, రెండింటి మధ్య నీటిలో కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. విద్యుత్తును వాడుకుంటున్న కొద్దీ రెండు ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేట్ ఏర్పడుతూ, ఆమ్లం పలుచబడి నీటికి దగ్గరవుతుంది. ఛార్జి చేసినప్పుడు ఈ మార్పు వెనక్కి తిరుగుతుంది. ఒక్కొక్క సెల్లు రెండు వోల్టులకు కొంచెం ఎక్కువ ఇస్తుంది కనుక ఆరు సెల్లుల బ్యాటరీ పూర్తిగా నిండి విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 నుంచి 12.7 వోల్టులు, సగం ఖాళీ అయినప్పుడు సుమారు 12.1 వోల్టులు చూపుతుంది. గొట్టంతో కలిపిన రెండు నీటి తొట్లలో మట్టాల తేడాను బట్టి నీరు పారినట్లే, ఛార్జరు వోల్టేజీకీ బ్యాటరీ లోపలి వోల్టేజీకీ మధ్య తేడాను బట్టి కరెంటు ప్రవహిస్తుంది. బ్యాటరీ నిండుతున్న కొద్దీ దాని వోల్టేజీ పెరిగి తేడా తగ్గిపోతుంది. 13.6 వోల్టుల దగ్గర ఆగిపోయే కన్వర్టరు మొదట చురుకుగానే పనిచేసి, త్వరలోనే కొద్దిపాటి ఆంపియర్లకు పడిపోయి, మిగిలిన భాగాన్ని నింపడానికి ఒక రోజుకు పైగా తీసుకోవడానికి కారణం ఇదే.

కాబట్టి సీసపు బ్యాటరీని మూడు దశల్లో ఛార్జి చేయాలని తయారీదారులు చెబుతారు. మొదటిది బల్క్ దశ: బ్యాటరీ భరించగల కరెంటును స్థిరంగా పంపుతుంటే వోల్టేజీ తనంతట తాను పెరుగుతూ పోతుంది. నీటితో కూడిన సాధారణ బ్యాటరీలో అది 14.4 నుంచి 14.8 వోల్టులకు చేరగానే రెండవదైన అబ్సార్ప్షన్ దశ మొదలవుతుంది. ఇక్కడ వోల్టేజీని అక్కడే నిలిపి ఉంచితే, బ్యాటరీ స్వీకరించే కరెంటు క్రమంగా తగ్గుతూ వస్తుంది. నిండిన తరువాత 13.2 నుంచి 13.5 వోల్టుల వద్ద నిలిపి ఉంచే మూడవ దశకు ఫ్లోట్ అని పేరు. 225 ఆంపియర్ అవర్ల సముదాయాన్ని సగం నుంచి 45 ఆంపియర్లతో ఛార్జి చేస్తే, సుమారు గంటన్నరలో 80 శాతానికి దగ్గరగా వస్తుంది. మిగిలిన 20 శాతానికి మరో మూడు నాలుగు గంటలైనా పడుతుంది. ఈ చివరి భాగాన్ని వదిలేస్తూ రోజులు గడిపితే, ప్లేట్ల మీద మిగిలిపోయిన లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారి తిరిగి కరగకుండా పోతుంది. సల్ఫేషన్ అనే ఈ వ్యాధి వల్ల అకాలంలో పాడయ్యే బ్యాటరీలు చాలా ఎక్కువ. అందుకే అనుభవం ఉన్నవారు ఉదయం జనరేటరుతో బల్క్ దశను ముగించి, మిగిలిన నిదానమైన పనిని పగటి పూట సోలార్ పలకలకు అప్పగిస్తారు.

వోల్టేజీని మార్చుకోగల పవర్ సప్లై ఈ సందర్భంలోనే రంగప్రవేశం చేస్తుంది. ఫ్యాక్టరీల్లోని యంత్రాలకూ ఎల్‌ఈడీ బోర్డులకూ రేడియో పరికరాలకూ స్థిరమైన డీసీ అందించడానికి తయారైన ఈ పెట్టెలను మన మెకానిక్కులు ఎస్‌ఎంపీఎస్ అని పిలుస్తారు. లోపల ఉన్న చిన్న మరను స్క్రూడ్రైవరుతో తిప్పితే వోల్టేజీ కొంత పైకీ కిందికీ మారుతుంది. ఖరీదైన ఛార్జరు ధరలో కొంత భాగానికే లభించడం, 14.8 వోల్టులు కావాలంటే సరిగ్గా అంతే ఇవ్వగలగడం దీని ఆకర్షణలు. అయితే 12 వోల్టులు అని ముద్రించిన ప్రతి పెట్టె ఇందుకు పనికిరాదు. చాలా వాటిలో మరను చివరి వరకూ తిప్పినా వోల్టేజీ 13 దాటి ఎంతో దూరం పోదు కాబట్టి, 15 వోల్టులకు పైగా వెళ్లగలదో లేదో కొనడానికి ముందే తెలుసుకోవాలి.

అంతకంటే ముఖ్యమైనది, మోయలేనంత భారం పడినప్పుడు పెట్టె ఎలా ప్రవర్తిస్తుందన్న ప్రశ్న. ఖాళీ బ్యాటరీ చాలా ఎక్కువ కరెంటును లాక్కోవాలని చూస్తుంది. కొన్ని పవర్ సప్లైలు అప్పుడు తమ గరిష్ఠ పరిమితి దగ్గర కరెంటును స్థిరంగా నిలిపి, వోల్టేజీని తగ్గించుకుంటాయి. మరికొన్ని రక్షణ కోసం పూర్తిగా ఆగిపోయి, క్షణం తరువాత మళ్లీ మొదలై, మళ్లీ ఆగిపోతూ ఉంటాయి. వీటితో బ్యాటరీ ఛార్జి కాదు. కరెంటుకూ వోల్టేజీకీ విడివిడిగా మీటలున్న ప్రయోగశాల రకం పవర్ సప్లై అన్నిటికంటే మేలైనది. కరెంటు మీటను 30 ఆంపియర్ల దగ్గర, వోల్టేజీ మీటను 14.8 దగ్గర ఉంచితే, మొదట కరెంటు పరిమితి పనిచేసి బల్క్ దశ, వోల్టేజీ 14.8 చేరగానే దాని పరిమితి పనిచేసి అబ్సార్ప్షన్ దశ వాటంతట అవే నడుస్తాయి. మూడవ దశ మాత్రం దానికి తెలియదు. బ్యాటరీ నిండిందన్న సంగతి గ్రహించే తెలివి ఆ పెట్టెలో లేదు కనుక, ఆ బాధ్యత పూర్తిగా మనిషిదే.

ఈ పద్ధతిలో అన్నిటికంటే ముందు తప్పుదారి పట్టించేది తీగ. పవర్ సప్లై మీద 14.8 అని కనిపించినంత మాత్రాన బ్యాటరీ ధ్రువాల దగ్గర 14.8 ఉన్నట్లు కాదు. ఇళ్లలో ఎయిర్ కండిషనర్లకు వాడే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 4.3 మిల్లీఓముల నిరోధం ఉంటుంది. బ్యాటరీ 5 మీటర్ల దూరంలో ఉంటే పోయే తీగ, వచ్చే తీగ కలిసి 10 మీటర్లు. 30 ఆంపియర్లు ప్రవహించినప్పుడు దారిలోనే దాదాపు 1.3 వోల్టులు పోతాయి. అంటే బ్యాటరీకి అందేది 13.5 వోల్టులే, పాత కన్వర్టరు ఇచ్చినదానికంటే తక్కువే! అదే చోట 25 చదరపు మిల్లీమీటర్ల లావు తీగ వేస్తే నష్టం 0.2 వోల్టులకు తగ్గుతుంది. కొందరు లావు తీగ కొనడానికి బదులు మరను తిప్పి పవర్ సప్లైని 16 వోల్టులకు పెంచుతారు. ఇది ప్రమాదకరమైన ఉపాయం. బ్యాటరీ నిండుతూ కరెంటు 3 ఆంపియర్లకు పడిపోయినప్పుడు తీగలో నష్టం కూడా 0.13 వోల్టులకు పడిపోతుంది కనుక, దాదాపు 16 వోల్టులూ నేరుగా బ్యాటరీ మీద పడి దానిని ఉడికిస్తాయి. సరైన మార్గం పవర్ సప్లైని బ్యాటరీకి దగ్గరగా పెట్టి, లావైన పొట్టి తీగలు వాడి, వోల్టేజీని మల్టీమీటరుతో బ్యాటరీ ధ్రువాల దగ్గరే కొలవడం.

జనరేటరు వైపు కూడా ఒక లెక్క ఉంది. నాలుగు గోల్ఫ్ బ్యాటరీల పెద్ద సముదాయానికి 14.8 వోల్టుల వద్ద 60 ఆంపియర్లు పంపాలంటే 888 వాట్లు కావాలి. పవర్ సప్లై సామర్థ్యం 85 శాతం అనుకుంటే జనరేటరు నుంచి 1,045 వాట్లు తీసుకోవాలి. చవకరకం పవర్ సప్లైలు ఏసీ తరంగం పొడవునా కరెంటును సమంగా తీసుకోకుండా, శిఖరం దగ్గర మాత్రమే గుంజుకుంటాయి. దీని వల్ల ఉపయోగపడే వాట్లకూ జనరేటరు మోసే మొత్తం భారానికీ మధ్య తేడా వస్తుంది. ఆ నిష్పత్తినే పవర్ ఫ్యాక్టర్ అంటారు. అది 0.65 ఉంటే, ఆ 1,045 వాట్ల పనికి జనరేటరు మీద పడే భారం సుమారు 1,600 వోల్ట్ ఆంపియర్లు. ఆర్‌వీ యజమానులు ఎంతో ఇష్టపడిన హోండా ఈయూ2000ఐ నిరంతరం ఇవ్వగలిగేది 1,600 మాత్రమే. పవర్ ఫ్యాక్టరును సరిదిద్దే ఏర్పాటు ఉన్న పెట్టె కొంటే, అదే జనరేటరు మీద ఇంకా కాఫీ కాచుకోవడానికి కూడా చోటు మిగులుతుంది.

ఉష్ణోగ్రత మరొక అంశం. చెప్పిన వోల్టేజీలన్నీ 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర వర్తించేవి. ప్రతి డిగ్రీ తగ్గినప్పుడు సెల్లుకు 0.005 వోల్టు చొప్పున పెంచాలని, పెరిగినప్పుడు అంతే తగ్గించాలని ట్రోజన్ సంస్థ సూచిస్తుంది. ఆరు సెల్లులకు అది డిగ్రీకి 0.03 వోల్టు. ఎడారిలో జనవరి ఉదయం బ్యాటరీ 5 డిగ్రీల దగ్గర ఉంటే 14.8 వోల్టులకు బదులు 15.4 కావాలి, వేసవిలో అది 40 డిగ్రీలకు చేరితే 14.35 దాటకూడదు. మామూలు కన్వర్టరు ఈ తేడాను పట్టించుకోదు. మరను చేత్తో తిప్పగల పవర్ సప్లైకి ఇక్కడ ఉన్న మేలు చిన్నది కాదు, తిప్పే మనిషి థర్మామీటరును కూడా చూస్తే.

ఛార్జింగ్‌ను ఎప్పుడు ఆపాలో చెప్పేది కరెంటు. వోల్టేజీ 14.8 దగ్గర స్థిరంగా ఉన్నప్పుడు కరెంటు సామర్థ్యంలో ఒకటి రెండు శాతానికి, అంటే 225 ఆంపియర్ అవర్ల సముదాయంలో రెండు నుంచి నాలుగున్నర ఆంపియర్లకు తగ్గితే, బ్యాటరీ నిండినట్లే. అప్పుడు పవర్ సప్లైని ఆపేయాలి, లేదా 13.2 నుంచి 13.5కు దించాలి. అలా చేయకుండా మరచిపోతే నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోతూ మట్టం తగ్గుతుంది, ధన ప్లేటు లోపలి సీసపు జాలీ తుప్పు పట్టి విరుగుతుంది. చవకైన టైమరును ఏసీ ప్లగ్గుకు తగిలించడం ఈ మరపుకు మంచి విరుగుడు. తెలుగు ఇళ్లలో ఇన్వర్టరు కింద ఉండే ట్యూబులర్ బ్యాటరీకీ రసాయన శాస్త్రం ఇదే. అక్కడ దశలను ఇన్వర్టరు చూసుకుంటుంది గనుక, డిస్టిల్డ్ వాటరు పోయడం, ధ్రువాలను శుభ్రంగా ఉంచడం మాత్రమే ఇంటివారికి మిగిలే పనులు.

వోల్టేజీ పెంచుకోగలిగిన వారికి మాత్రమే సాధ్యమయ్యే చికిత్స ఒకటుంది. నెలల తరబడి సగం సగంగా నిండిన బ్యాటరీలో ఒక సెల్లు మరొక దానికంటే వెనకబడుతుంది, బరువైన ఆమ్లం అడుగున చేరుతుంది. నీటి రకం బ్యాటరీ నిండిన తరువాత, సెల్లుకు 2.7 వోల్టుల చొప్పున మొత్తం 16.2 వోల్టుల వద్ద తక్కువ కరెంటుతో కొన్ని గంటలు ఉంచితే, లేచే బుడగలు ఆమ్లాన్ని కలిపివేస్తాయి, గట్టిపడటం మొదలైన సల్ఫేటులో కొంత కరుగుతుంది. దీనిని ఈక్వలైజేషన్ అంటారు. ఆమ్లం సాంద్రతను కొలిచే హైడ్రోమీటరుతో ప్రతి సెల్లునూ గంటకోసారి పరీక్షించి, విలువ ఇక పెరగడం లేదని తేలినప్పుడు ఆపాలి. నిండిన సెల్లులో అది 1.270 పరిసరాల్లో ఉంటుంది. ఈ పనికి ముందు ఆర్‌వీలోని పరికరాలన్నిటినీ బ్యాటరీ నుంచి విడదీయడం తప్పనిసరి, ఎందుకంటే ఫ్రిజ్, హీటరు బోర్డులు 16 వోల్టులను భరించేలా తయారు కాలేదు. మూసివేసిన ఏజీఎం, జెల్ బ్యాటరీలలో నీరు పోసే దారి లేదు కాబట్టి తయారీదారు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప వాటికి ఇది నిషిద్ధం.

ప్రమాదాల విషయంలో ఏ ఉపేక్షా పనికిరాదు. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే నిప్పురవ్వకే అంటుకుంటుంది. పవర్ సప్లైలోని ఫ్యానూ స్విచ్చులూ రవ్వలు పుట్టించగలవు కనుక, దానిని బ్యాటరీ ఉన్న అరలోనో ప్రొపేన్ సిలిండర్ల పక్కనో ఉంచకూడదు. చాలా పెట్టెల్లో ఏసీ వచ్చే మరలు తెరిచే ఉంటాయి, అవి కప్పి ఉండాలి, ఎర్తు తగిలించాలి. 115, 230 అని రెండు గుర్తులున్న చిన్న స్విచ్చు 115 వైపు ఉండగా 230 వోల్టులు ఇస్తే పరికరం మొదటి క్షణంలోనే కాలిపోవచ్చు. కొన్ని రకాల్లో వోల్టేజీ మితిమీరితే రక్షణ వలయం తన ధ్రువాలను తానే కలిపివేస్తుంది; ఒంటరిగా ఉన్న పరికరానికి అది రక్షణే గాని, అవతల బ్యాటరీ తగిలించి ఉంటే వందల ఆంపియర్లు వెనక్కి ప్రవహించి తీగలు మండుతాయి. బ్యాటరీ ధన ధ్రువానికి అతి సమీపంలో తగిన ఫ్యూజు ఉండాలనడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు. తగిలించే క్రమం కూడా ముఖ్యం: బ్యాటరీ లేకుండా వోల్టేజీని ముందు సరిచేసి, ధన రుణ ధ్రువాలను రెండుసార్లు చూసుకుని, ఆ తరువాతే కలపాలి.

ఇటీవల ఆర్‌వీలలో సీసాన్ని తొలగిస్తున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల తీరు వేరు. నాలుగు సెల్లుల ఈ బ్యాటరీకి 14.2 నుంచి 14.6 వోల్టులు చాలు, ఈక్వలైజేషన్ గాని ఉష్ణోగ్రతను బట్టి వోల్టేజీ మార్చడం గాని ఉండవు. లోపలి నిరోధం చాలా తక్కువ కావడంతో పవర్ సప్లై ఇవ్వగలిగినంతా చివరి వరకూ లాక్కుంటుంది. కరెంటు పరిమితి లేని పెట్టె దీని ముందు నిలవదు. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జి చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. దానిలోని రక్షణ బోర్డు సాధారణంగా దీనిని అడ్డుకుంటుంది గాని, చవకరకం బోర్డులన్నిటికీ ఆ గుణం ఉండదు.

సీసపు బ్యాటరీకి చలి మరొక విధంగా శత్రువు. మిన్నెసోటా, మనిటోబా వంటి ప్రాంతాల్లో ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీలకు పడిపోతుంది. పూర్తిగా నిండిన బ్యాటరీలోని ఆమ్లం ఆ చలికి గడ్డకట్టదు. ఖాళీ అయిన బ్యాటరీలో దాదాపు నీరే మిగిలి ఉంటుంది కనుక మైనస్ 7 డిగ్రీల పరిసరాల్లోనే గడ్డకట్టి పెట్టె పగులుతుంది. ఆపి ఉంచిన ఆర్‌వీలో సైతం గ్యాసు లీకును పసిగట్టే అలారం రాత్రింబవళ్లు కొద్దిగా కరెంటు తీసుకుంటూ, కొన్ని వారాల్లోనే బ్యాటరీని ఖాళీ చేయగలదు. అందువల్ల శరత్కాలంలో వాహనాన్ని షెడ్డులో పెట్టే ముందు పవర్ సప్లైతో బ్యాటరీని పూర్తిగా నింపి, రుణ ధ్రువపు తీగను విప్పి, నెలకోసారి మల్టీమీటరుతో కొలిచి, 12.4 వోల్టులకు తగ్గినప్పుడు మళ్లీ ఛార్జి చేయాలి.